గొంతు సెలవు పెట్టిన వేసవి

మా ఇంట్లో మాట్లాడుకోవడమంటే అరుచుకోవడమే. కోపంతో కాదు, అలవాటు కొద్దీ. నాది మైక్ సెట్ పని. పెళ్లిళ్లకీ, సభలకీ, చర్చి కూడికలకీ స్పీకర్లు కట్టి, వైర్లు లాగి, మిక్సర్ ముందు కూర్చుని సౌండ్ చూసుకోవడం. ఇరవై ఆరేళ్లు స్పీకర్ల పక్కన నిలబడిన మనిషికి చెవులు మందగించక ఏమవుతాయి? నాకు వినపడాలని మా ఆవిడ గొంతు పెంచింది. ఆవిడని మించి వినపడాలని మా అమ్మాయి పెంచింది. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి మేడ మీదికి మాటలు ఎగురుతూ ఉండేవి. మా ఇంటి రహస్యాలు మాకంటే ముందు పక్కింటివాళ్లకి తెలిసేవి.

అమ్మాయి అరుపు మాత్రం అరుపులా ఉండేది కాదు. కన్నతండ్రిని కాబట్టి అలా అంటున్నానని మీరు అనుకోవచ్చు, అనుకోండి. ఏడేళ్లప్పుడు చర్చిలో మొదటిసారి పాడింది. మైకు స్టాండు ఎంత దించినా అందకపోతే స్టూలు వేసి నిలబెట్టాను. ఆ రోజు నుంచి పదమూడేళ్లు ఆ గొంతును హెడ్‌ఫోన్లో విన్నాను. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే జనం, ఫ్యాన్లు, చంటిపిల్లల ఏడుపులు అన్నీ పోయి ఆ ఒక్క గొంతే మిగిలేది. నా మొద్దు చెవులకి ఈ లోకంలో స్పష్టంగా వినపడేది అదొక్కటే. అదే నా గర్వం. నా జబ్బు కూడా అదే.

ఆ వేసవికి ఆమెకి ఇరవై ఏళ్లు. మా చర్చి యూత్‌కి తనే లీడరు. కాలేజీలకి సెలవులిచ్చిన మర్నాడే చర్చి తలుపు వెనక ఒక అట్ట మీద కార్యక్రమాల లిస్టు వేలాడింది. పది వారాల్లో ఇరవై రెండు. పాటల పోటీ, నాటిక, ఆసుపత్రి వార్డుల్లో పాటలు, పక్క ఊళ్లలో కూడికలు, ప్రతి శుక్రవారం ఫోన్లలో లైవు, అన్నిటికీ చివర పెద్ద యువజన కూడిక. పిల్లలు కాళ్లకి చక్రాలు కట్టుకుని తిరిగేవాళ్లు. ఆ చక్రాలకి నూనె పోసేవాణ్ని నేను. ఎవరు పిలిచినా "మా అమ్మాయి వస్తుంది" అని ఆమెను అడగకుండానే మాట ఇచ్చేసేవాణ్ని.

మా చర్చి అయ్యగారు ముసలాయన. గొంతు చిన్నది, మైకు లేకపోతే రెండో బెంచీ కూడా దాటదు. ప్రసంగం అయ్యాక ప్రతి ఆదివారం ఒక మాట అనేవారు. "ఒక్క నిమిషం ఊరకుందాం. ఎవరూ పాడొద్దు, ఏమీ అడగొద్దు. దేవుడి ముందు ఊరికే కూర్చుందాం."

మైక్ సెట్ వాడికి నిశ్శబ్దమంటే కరెంటు పోయినట్టే. సౌండ్ ఆగితే జనం తలలు వేదిక వైపు తిరగవు, నా వైపు తిరుగుతాయి. అందుకని పది సెకన్లు కాగానే ఒక మెత్తటి వాయిద్యం రికార్డింగు మెల్లగా పైకి లేపేవాణ్ని. జనానికి కూడా అదే ఇష్టం, ఎవరో జోకొడుతున్నట్టు ఉండేది. అయ్యగారు ఎప్పుడూ కసురుకోలేదు. ఒకసారి మాత్రం వైర్లు చుడుతున్న నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "నా నిమిషం నాకు ఎప్పుడిస్తావయ్యా?" అన్నారు. హాస్యమాడారనుకుని పెద్దగా నవ్వాను.

ఆ వేసవి మొదట్లోనే ఆయన యూత్‌ని కూర్చోబెట్టి చెప్పారు.

"ఇన్ని చేస్తున్నారు, సంతోషం. వీటిలో సగం తీసేయండర్రా. ఆ టైములో నాతో కూర్చోండి, ఒక సువార్త మెల్లగా చదువుకుందాం. రోజుకి పది వచనాలు."

డ్రమ్స్ వాయించే కుర్రాణ్ని అందరూ ఉరుము అనేవాళ్లు. వాడు లేచాడు. "అయ్యగారూ, పది పది చొప్పున అయితే మన పెళ్లిళ్లయి పిల్లలు పుడతారండీ!"

అందరూ గొల్లున నవ్వారు. అయ్యగారు కూడా నవ్వారు. మా అమ్మాయి నవ్వుతూనే లిస్టులో ఇంకొకటి రాసింది.

ఇంటికొచ్చి ఈ ముచ్చట చెబితే మా ఆవిడ నవ్వలేదు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు, తొందరపడి చేసిన పనుల ఫలితాలకి రోజూ కట్లు కట్టే మనిషి. "పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని ఊరికే అన్నారా? ఆయన చెప్పింది వినొచ్చు కదా" అంది.

"దేవుడి పనిలో నిదానం ఏమిటే?" అన్నాను. అప్పటికి నాకు తెలిసిన భక్తి అంతే.

మూడు వారాల్లో ఏడు కార్యక్రమాలు అయ్యాయి. ఎనిమిదోది ఒక పెద్ద హాల్లో. ఆ రోజు పొద్దునే ఆసుపత్రిలో రెండు గంటలు పాడి వచ్చింది. బుగ్గలో ఒక గొంతు బిళ్ల అయిపోతే ఇంకొకటి వేసుకుంటోంది. "బాగానే ఉందా అమ్మడూ?" అంటే తల ఊపింది.

ఇక్కడ నా పని గురించి ఒక ముక్క చెప్పాలి. వేదిక మీద పాడేవాళ్ల కాళ్ల దగ్గర, వాళ్ల వైపు తిప్పి ఒక స్పీకరు పెడతాం. అది జనం కోసం కాదు. పాడేవాళ్ల గొంతు వాళ్లకి వినపడడం కోసం. అది లేకపోతే ఎంత పాడేవాళ్లయినా తమ గొంతు తమకి తెలియక అరవడం మొదలుపెడతారు. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికి కూడా ఇది తెలుసు. ఆ సాయంత్రం అనుకున్నదానికి రెండింతలు జనం వచ్చారు. వెనక వరసలవాళ్లు వినపడడం లేదని చేతులు ఊపుతున్నారు. నేను వంగి వంగి వేదిక దగ్గరికి వెళ్లి, ఆ స్పీకరుని మా అమ్మాయి వైపు నుంచి జనం వైపు తిప్పేసి వచ్చాను.

రెండో పాటలో ఆమె నా వైపు చూసి చెవి చూపించి, బొటనవేలు పైకి ఊపింది. "నా గొంతు నాకు పెంచు" అని. నేను పెంచాను, హాల్లో. హాలు అదిరిపోయింది. ఆమె ఇంకాస్త గట్టిగా పాడింది. మూడో పాటలో పై స్వరం దగ్గర గొంతు రెండుగా చీలింది. నా హెడ్‌ఫోన్లో ఆ చప్పుడు విన్నాను. ఆమె ఒక్క క్షణం కూడా ఆగకుండా నవ్వి, మైకు జనం వైపు చాచింది. జనం అదో తరహా అనుకుని ఊగిపోతూ పాట అందుకున్నారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

తిరిగి వస్తుంటే వ్యాన్లో నా పక్కన కూర్చుంది. కాస్త దూరం పోయాక, గీసుకుపోయిన గొంతుతో అంది.

"నా గొంతు నాకు వినపడలేదు నాన్నా."

"హాలు హాలంతా విన్నారు కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నాను.

ఆమె ఏదో అనబోయింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. గాలి మాత్రమే వచ్చింది.

గొంతు డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి చూసి, తెర మీద మాకు కూడా చూపించాడు. అరిచి అరిచి గొంతు తీగలకి రెండు వైపులా కాయలు కాశాయి. ఒక పక్క నెత్తురు చిమ్మి గడ్డకట్టింది. "మూడు వారాలు ఒక్క మాట కూడా వద్దు. గుసగుస అసలే వద్దు, అది మాటకంటే చెడ్డది. తర్వాత మళ్లీ చూద్దాం" అన్నాడు.

"మరి పాట?" అన్నాను.

డాక్టరు నా వైపు ఒకసారి చూసి, మా ఆవిడతో మాట్లాడడం మొదలుపెట్టాడు.

ఆ రోజు నుంచి ఇంటి పెత్తనం ఆవిడ చేతిలోకి వెళ్లింది. మొదటి చట్టం: ఈ ఇంట్లో ఎవరూ పక్క గదిలోంచి పిలవకూడదు. పిలిస్తే పిల్ల అలవాటు కొద్దీ పలికేస్తుంది. ఎవరితో ఏం చెప్పాలన్నా లేచి వాళ్ల దగ్గరికి వెళ్లి, ఎదురుగా నిలబడి చెప్పాలి. ఎంత చిన్న చట్టం! కానీ దాంతో మా ఇల్లు తలకిందులైంది. తువ్వాలు ఎక్కడుందని అడగడానికి మేడ దిగాలి. దిగేసరికి సగం సార్లు అది అంత ముఖ్యం కాదనిపించేది. దిగాక ఎదురుగా మనిషి మొహం కనపడేది. మా అమ్మాయి ఎడమ కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉందని ఆ వేసవిలోనే గమనించాను. పదమూడేళ్లూ ఆమెను చెవులతోనే చూశాను మరి.

అమ్మాయి చెప్పాల్సినవి రాసి చూపించడానికి మా ఆవిడ ఆసుపత్రి నుంచి మందుల కంపెనీవాళ్లు ఇచ్చిన ఒక నోటు పుస్తకం తెచ్చింది. ప్రతి కాగితం మీదా పైన ఏదో దగ్గు మందు బొమ్మ. మొదటి రోజుల్లో అందులో అన్నీ కార్యక్రమాలే. "ఉరుముకి ఫోన్ చెయ్యి." "శుక్రవారం లైవు కీబోర్డు పిల్ల చూసుకోవాలి." "పెద్ద కూడికకి ఇంకా ఎన్ని రోజులు?"

వారం తిరిగేసరికి యూత్ అంతా మా ఇంటికి వచ్చారు. పన్నెండు మంది హాల్లో నేల మీద కూర్చున్నారు. మొహాలు వేలాడేశారు. పెద్ద కూడిక ఆరు వారాల్లో ఉంది, అక్క లేకుండా ఎలా అని. అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. నాకు మెరిసినవన్నీ తర్వాత పిడుగులే అయ్యాయనుకోండి.

"దీనికింత దిగులెందుకర్రా? అమ్మాయి పాటలు నా దగ్గర డజన్ల కొద్దీ రికార్డు చేసి ఉన్నాయి. ఆ రోజు వేదిక మీద మైకు పట్టుకుని నిలబడి పెదాలు కదిపితే చాలు. పాట నేను మిక్సర్లోంచి వదులుతాను. ఎవరికీ అనుమానం రాదు."

"అంకుల్ సూపరండీ!" ఉరుము తొడ చరిచాడు. అందరి మొహాల్లోకీ వెలుగొచ్చింది.

అమ్మాయి నోటు పుస్తకం తీసి ఒక్క మాట రాసి పైకెత్తింది. "వద్దు."

తనకి పద్ధతి అర్థం కాలేదనుకుని మళ్లీ వివరించాను. గొంతుకి శ్రమే ఉండదన్నాను. ఆమె ఆ మాట కింద గీత గీసింది. నేను ఇంకా ఏదో చెప్పబోతే రెండో గీత గీసింది. కాగితం చిరిగింది.

అందరూ వెళ్లిపోయాక నేను వెనక మెట్ల మీద కూర్చున్నాను. కోపంగానే ఉంది. నా పనితనాన్ని నలుగురిలో తీసిపారేసిందని. కాసేపటికి వచ్చి పక్కన కూర్చుంది. పుస్తకం మోకాళ్ల మీద పెట్టుకుని చాలాసేపు రాసింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. చింపి నా చేతికిచ్చి, మొహం అవతలికి తిప్పుకుంది.

"నాన్నా, ఏడాదిగా నేను చేస్తున్నది అదే. పెదాలు కదుపుతున్నాను. ప్రార్థన చేసుకుందాం అంటాను, కళ్లు మూసుకుంటాను, తర్వాతి పాట ఏ శ్రుతిలో ఉందో ఆలోచిస్తుంటాను. మాటలు వాటంతటవే వచ్చేస్తాయి. అందరూ ఆమేన్ అంటారు. నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆయనతో ఒక్క మాట మాట్లాడి ఎన్నాళ్లయిందో గుర్తు లేదు. ఇప్పుడు మాట్లాడదామని కూర్చుంటే ఏమీ రావట్లేదు. గొంతు పోయినందుకు కాదు, దీనికి భయమేస్తోంది."

రెండుసార్లు చదివాను. ఇలాంటిదానికి ఏ మీట నొక్కాలో నాకు తెలియదు. ఆ స్పీకరు సంగతి చెప్పాలనిపించింది, నేనే తిప్పానని. నోరు రాలేదు. మాట్లాడొద్దని డాక్టరు చెప్పింది ఆమెకి, మూగవాణ్ని అయింది నేను.

"టీ తాగుతావా?" అన్నాను.

తల ఊపింది.

మర్నాడు ఆ కాగితాన్ని తనే అయ్యగారికి చూపించింది. శనివారం సాయంత్రం యూత్‌ని చర్చికి పిలిచారు. మామూలుగానే రెండు స్పీకర్లు, మిక్సరు మోసుకుంటూ వెళ్లాను. గుమ్మంలో అయ్యగారు ఎదురొచ్చారు.

"ఇవాళ సామాను వద్దు. నువ్వు మాత్రం రా."

సామాను లేకుండా నేను చర్చిలోకి అడుగు పెట్టి ఎన్నేళ్లయిందో! చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అలవాటుగా వెనక గోడ దగ్గర నిలబడ్డాను. అయ్యగారు మాట్లాడడం మొదలుపెట్టారు. మైకు లేదుగా, నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఒక్కో బెంచీ జరుగుతూ, జరుగుతూ, చివరికి మొదటి వరసలో పిల్లల మధ్య కూర్చున్నాను. మొదటి వరసలో కూర్చోవడం అదే మొదటిసారి.

అమ్మాయి సైగ చేస్తే కీబోర్డు పిల్ల ఆ కాగితాన్ని పైకి చదివింది. చివర్లో ఒకమ్మాయి, "నాకూ అంతే అక్కా" అంది. ఇంకెవరో తల వంచుకున్నారు. ఉరుము దిగ్గున లేచాడు.

"అంటే ఏంటక్కా? మనం ఇన్నాళ్లూ చేసిందంతా దొంగ పనా? ఎండల్లో తిరిగాం, నిద్రలు మానుకున్నాం. అదంతా నటనా?"

"కాదు నాన్నా" అన్నారు అయ్యగారు. "కష్టపడి వండారు. అందరికీ వడ్డించారు. మీరు తినలేదు, అంతే. ఆకలితో ఉన్నవాడు ఎన్నాళ్లని వడ్డిస్తాడు?"

"నాకు ఆకలి లేదండీ" అని వాడు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇంకో ముగ్గురు వెళ్లారు. ఉరుము వేరే చర్చిలో చేరాడు. అక్కడ వారానికి మూడు కార్యక్రమాలు. వాటిలో ఒకదానికి సౌండ్ నేనే చూశాను, పని పనే కదా. వాడు వేదిక మీద నుంచి నాకు చెయ్యి ఊపాడు. మంచి పిల్లాడు. వాణ్ని తప్పు పట్టలేకపోయాను.

పెద్ద కూడిక రద్దయింది. తలుపు వెనక అట్ట తీసేశారు. మిగిలిన ఎనిమిది మందీ సాయంత్రాలు అయ్యగారి చుట్టూ కూర్చుని పది వచనాలు చదివేవాళ్లు. చదవడం ఐదు నిమిషాల పని. తర్వాత అరగంట ఊరకుండడం. మొదటి రోజు మూడు నిమిషాలకే ఒకడు కిసుక్కున నవ్వాడు, అది అందరికీ అంటుకుంది. రెండో రోజు ఒకడు గురక పెట్టాడు. అయ్యగారు ఏమీ అనేవారు కాదు. వారం గడిచేసరికి నవ్వులు ఆగాయి. ఎవరో ఒకరు కళ్లు తుడుచుకుంటూ కనపడేవారు. "ప్రభువు నిలబడి దారి పక్కన కేకలేస్తున్న ఆ గుడ్డివాణ్ని పిలిపించాడు కదా, అంత పనిలో ఉండి నిలబడ్డాడు కదా" అని ఒక కుర్రాడు ఒక పూటంతా ఆ ఒక్క సంగతే పట్టుకుని కూర్చున్నాడు. నేనూ పోయేవాణ్ని. అబద్ధమెందుకు, నా ప్రార్థన ఒక్కటే. ఆమె గొంతు ఆమెకి ఇచ్చేయి. ఆ మాట అయ్యాక ఇంకేం మాట్లాడాలో నాకూ తెలిసేది కాదు.

మూడు వారాలకి డాక్టరు మళ్లీ చూశాడు. గడ్డకట్టిన నెత్తురు కరిగిపోయింది, కాయలు తగ్గుతున్నాయి. ఇంకో మూడు వారాలు మౌనం. "మాట వస్తుంది. పాట కూడా రావచ్చు. కానీ పై స్వరాల మీద ఆశ పెట్టుకోకండి" అన్నాడు. అమ్మాయి పుస్తకంలో "సరే" అని రాసి డాక్టరుకి చూపించింది. నేను బయటికొచ్చి మందుల షాపు ముందు నిలబడి, పెద్దవాణ్ని, ఏడ్చాను.

అప్పుడు నాకొక దొంగ అలవాటు పట్టుకుంది. ఇంటి వెనక స్పీకర్లు పెట్టుకునే గది ఉంది. మధ్యాహ్నాలు అక్కడ తలుపు వేసుకుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఆమె పాత రికార్డింగులు వినేవాణ్ని. పాటలు కూడా కాదు. పాటకి ముందు మైకు సరిచూసుకుంటూ, "నాన్నా, వినిపిస్తోందా? నాన్నా, ఇప్పుడో?" అనేది. ఆ ముక్క దగ్గరికే మళ్లీ మళ్లీ వెళ్లేవాణ్ని. నాన్నా. ఎన్ని వేలసార్లు పిలిచి ఉంటుంది, పలకకుండా పని చూసుకున్నవి ఎన్నో. ఇప్పుడు ఆ రెండక్షరాల కోసం ఆ ఇరుకు గదిలో చెమటలు కక్కుతూ కూర్చునేవాణ్ని. పాటలేమైనా పోనీ, ఎదురుగా నిలబడి ఒక్కసారి అలా పిలిస్తే చాలనిపించేది.

ఒకరోజు మా ఆవిడ తలుపు తీసింది. పట్టుబడ్డ దొంగలా ఉలిక్కిపడ్డాను. ఆవిడ ఒక చెవి దగ్గర హెడ్‌ఫోన్ పెట్టుకుని కాసేపు విని, తీసేసింది.

"మీరు గొంతు కోసం ఏడుస్తున్నారా, పిల్ల కోసమా?"

"రెండూ ఒకటి కాదా?"

"అదేనండీ మీరు చేసిన తప్పు" అంది. చెప్పి వెళ్లిపోలేదు, అక్కడే ఒక స్పీకరు డబ్బా మీద కూర్చుంది. ఆ స్పీకరు తిప్పిన సంగతి మొదట ఆవిడకే చెప్పాను. నేను చెప్పడం అయ్యాక, "పిల్లకి కూడా చెప్పండి" అంది.

ఆ సాయంత్రమే చెప్పాను. అమ్మాయి మేడ మీద బట్టలు మడత పెడుతోంది. చట్టం ప్రకారం మెట్లెక్కి వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. "ఆ రోజు హాల్లో నీ స్పీకరు నేనే తిప్పేశానమ్మా. వెనకవాళ్ల కోసం. నీకు వినపడదని తెలుసు. తెలిసే తిప్పాను."

ఆమె చేతిలో దుప్పటి ఉంది. చాలాసేపు నన్ను చూసింది. కోపం వచ్చిందేమో, తిట్టాలనుకుందేమో, మాట లేదు కాబట్టి అదంతా ఆ కళ్లలోకి వచ్చి, మెల్లగా సద్దుమణగడం చూశాను. మాటలుంటే ఆ రోజు ఇద్దరం అరుచుకుని, తలుపులు విసిరికొట్టుకుని ఉండేవాళ్లం. ఆమె దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది. ఇద్దరం దాన్ని దులిపి మడత పెట్టాం. పుస్తకంలో ఏమీ రాయలేదు.

ఆరు వారాలు నిండాయి. డాక్టరు తెర మీద చూసి తృప్తిగా తల ఊపాడు. "రేపటిదాకా ఆగక్కర్లేదు, మాటలు ఇవాళే మొదలుపెట్టొచ్చు. కానీ రోజుకి ఐదు నిమిషాలు, అంతే. మెత్తగా, మామూలుగా మాట్లాడాలి. ఐదు దాటితే మళ్లీ మొదటికొస్తుంది. వారం తర్వాత పది చేద్దాం."

"ఇప్పుడే ఒక మాట అనమనండి డాక్టరుగారూ" అన్నాను ఆగలేక.

"అమ్మాయి ఇష్టం" అన్నాడు. అమ్మాయి నవ్వి తల అడ్డంగా ఊపింది.

వ్యాన్లో రేడియో ఆపేశాను. కిటికీ అద్దాలు ఎక్కించాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఆమె వైపు చూశాను. ఐదు నిమిషాలంటే తక్కువేం కాదు, నాకో రెండు, వాళ్లమ్మకో రెండు, మిగిలింది ఎవరికైనా ఇచ్చుకోనీ అని మనసులో పంపకాలు కూడా చేసేశాను. ఆమె దారి పొడుగునా పెదవి విప్పలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, దోసెడు నీళ్లు పట్టుకుని ఒలకకుండా తీసుకెళ్తున్న మనిషిలా కూర్చుంది.

ఇంటికి రాగానే గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. డ్యూటీకి సెలవు పెట్టింది. అమ్మాయి వాళ్లమ్మని గట్టిగా వాటేసుకుంది, నా చెయ్యి ఒకసారి నొక్కింది. తర్వాత తన గదిలోకి వెళ్లి మెల్లగా తలుపు వేసుకుంది.

మేమిద్దరం హాల్లో నిలబడిపోయాం. ఏమయిందని అడగబోతే ఆవిడ నోటి మీద వేలు పెట్టుకుంది.

తలుపు అవతల నుంచి గొంతు వినిపించింది.

పాత గొంతు కాదది. కిందికి దిగింది, కాస్త గరుకుగా ఉంది, రెండు మాటలకోసారి ఆగుతోంది. పాట కాదు. ఎవరితోనో మాట్లాడుతున్నట్టుంది. ఒకచోట వెతుక్కుంది, ఒకచోట ఏడ్చినట్టుంది, ఒకచోట చిన్నగా నవ్వింది. మాటలు నాకు అందలేదు. ఆ తలుపు దగ్గరికి రెండడుగులు వేశాను. చెవి ఆనిస్తే వినపడేది. ఆరు వారాల నుంచి ఆ చప్పుడు కోసం చచ్చిపోతున్నవాణ్ని. ఇంకొక్క అడుగు.

మా ఆవిడ నన్ను ఆపలేదు. ఊరికే చూసింది.

ఆగిపోయాను. ఆ మాటలు నాకోసం కాదు. వెనక్కి నడిచి, హాల్లో అవతలి మూల కుర్చీలో, నా చెవులకి ఏమీ అందనంత దూరంలో కూర్చున్నాను. అంత సంతోషంగా, అంత అసూయగా నేను ఎప్పుడూ లేను. గోడ గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. మూడు నిమిషాలు. నాలుగు. కనీసం అర నిమిషమైనా ఉంచుకో తల్లీ అనుకున్నాను. తర్వాత ఆ మాట కూడా మానేశాను.

తలుపు తెరుచుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మొహం తేటగా ఉంది. నేరుగా నా దగ్గరికి వచ్చి ఎదురుగా నిలబడింది. నేను కుర్చీలోంచి సగం లేచాను. ఆమె ఖాళీ అరచేతులు రెండూ చూపించి, తప్పు చేసిన పిల్లలా నవ్వింది. ఐదు నిమిషాలూ అయిపోయాయి.

"పర్లేదమ్మా" అన్నాను. "నాకు రేపు చెబుదువుగాని."